నేను దాచిన వాంగ్మూలం

చరిత్రలో పరిశోధన మొదలుపెట్టిన పిల్లలు నలుగురు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. సముద్రం లేని సంగారెడ్డిలో కూర్చుని నౌకాదళ చరిత్ర ఎలా రాశారు, ఆధారాలు ఎలా సేకరించారు అని అడిగారు. గంటసేపు చెప్పాను. చెప్పిందంతా నిజమే. చెప్పనిది ఒకటి మిగిలిపోయింది. వాళ్లు వెళ్లాక అదే మనసులో తిరుగుతూ ఉంటే, రాసిపెట్టడమే మంచిదనిపించింది. ఇందులో ఎవరి పేరూ ఉండదు. ఒకసారి ఒక మనిషి పేరును అచ్చులో వేసి నేను చేసిన నిర్వాకం చాలు.

నేను పుట్టింది ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గర ఒక పల్లెలో, సేద్యం చేసుకునే ఇంట్లో. సముద్రాన్ని మొదటిసారి చూసేనాటికి నాకు ఇరవై ఆరేళ్లు. ఎం.ఏ.లో ఉండగా ఒక వ్యాసం కోసం పాత యుద్ధనౌకల దినచర్య పుస్తకాలు తిరగేయవలసి వచ్చింది. ఓడ మీద గంట గంటకూ ఎవరో ఒకరు ఏదో ఒకటి రాసిపెడతారు. గాలి ఎటు వీస్తోంది, వేగమెంత, కాపలా ఎవరు, జబ్బుపడ్డవాళ్లు ఎవరు. ముత్తాత పేరు కూడా ఎక్కడా రాసి లేని ఇంటినుంచి వచ్చినవాణ్ణి నేను. ఇంత రాత చూసేసరికి మతిపోయింది. ఇక ఆ లోకంలోంచి బయటకు రాలేదు.

సంగారెడ్డి డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరాక ప్రతి ఎండాకాలం సెలవులకూ ఢిల్లీ వెళ్లి, పాత కాగితాలు చదివి, పోస్టుకార్డంత అట్టముక్కల మీద విషయాలు ఎక్కించుకుని వచ్చేవాణ్ణి. మా స్టాఫ్‌రూములో రాజనీతిశాస్త్రం చెప్పే మిత్రుడు ఒకడు ఉండేవాడు. "మంజీరల తెప్ప గూడ ఎక్కలే గని సముద్రం మీద పుస్తకం రాస్తుండు" అని కొత్తగా వచ్చినవాళ్లకు నన్ను పరిచయం చేసేవాడు. నాకు కోపం వచ్చేది కాదు. లోలోపల గర్వంగానే ఉండేది.

నా పని మలుపు తిరిగింది సికింద్రాబాద్‌లో స్థిరపడిన ఒక రిటైర్డ్ నౌకాదళ అధికారి పరిచయమయ్యాకే. పెద్ద హోదాలో పదవీ విరమణ చేసినవాడు, మర్యాదస్తుడు. ఆదివారాలు వాళ్ల వరండాలో కూర్చోబెట్టి, సన్నటి పింగాణీ కప్పులో టీ ఇచ్చి, తన డైరీలు నా ముందు పెట్టేవాడు. ముక్కలు ముక్కలుగా ఇంగ్లిషు మాట్లాడే నన్ను ఎన్నడూ చిన్నచూపు చూడలేదు. నా మొదటి పుస్తకానికి ముందుమాట ఆయనే రాశాడు. అది ఎనభైల నడుమ అచ్చయింది.

ఆ పుస్తకంలో ఒక అధ్యాయం, రెండో ప్రపంచ యుద్ధకాలంలో వానాకాలపు సముద్రంలో మునిగిపోయిన ఒక చిన్న ఓడ గురించి. నీటి కిందున్న దేనికో తగిలి ఓడ అడుగు చీలింది. అలాంటప్పుడు లోపలికి వచ్చే నీటిని పంపులు తోడిపోయాలి. పంపులు తిరగాలంటే ఆవిరి కావాలి. ఆవిరి కావాలంటే అడుగున నిప్పుగదిలో ఎవరో ఒకరు బాయిలర్‌కు బొగ్గు వేస్తూనే ఉండాలి. ఆ పని చేసే నావికుణ్ణి స్టోకర్ అంటారు. ఆ రోజు స్టోకర్ పని వదిలి పైకి వచ్చేశాడని, ఆవిరి తగ్గి పంపులు ఆగాయని, ఆరుగురు చనిపోయారని విచారణ తేల్చింది. అతన్ని జైల్లో పెట్టి, ఉద్యోగం నుంచి వెళ్లగొట్టారు. కాగితాల్లో అతని పేరూ, ఊరూ ఉన్నాయి. చూస్తే మన జిల్లానే. ఇక్కడి పాఠకులకు ఆసక్తిగా ఉంటుందనుకున్నాను. "మెదక్ జిల్లా వాడైన ఈ స్టోకర్ ఆజ్ఞ లేకుండా తన స్థానం విడిచి పారిపోవడం వల్లనే ఓడ మునిగింది" అని, పేరుతో, ఊరితో సహా రాశాను. వాక్యం బాగా కుదిరిందని సంతోషపడ్డాను కూడా.

ఆ మనిషి బతికి ఉంటాడన్న ఆలోచనే నాకు రాలేదు. చరిత్ర రాసేవాళ్లకు ఇదొక జబ్బు. కాగితంలో ఉన్నవాళ్లంతా చనిపోయినవాళ్లే అనిపిస్తుంది.

పుస్తకం వచ్చిన మరుసటి ఏడు, ఒక మధ్యాహ్నం క్లాసు ముగించి స్టాఫ్‌రూముకు వస్తే బెంచీ మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. అరవై దాటిన ఒక పెద్దమనిషి, ఆయన కూతురు. ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు. కూతురు పటాన్‌చెరు దగ్గర ఒక మిషన్ బడిలో టీచరు. వాళ్ల బడి లైబ్రరీకి వచ్చిన నా పుస్తకం ఆమె చేతిలో ఉంది. తండ్రి పెళ్లికి ముందు బొంబాయిలో ఏవో ఓడల్లో పనిచేశాడని తప్ప ఆమెకు ఇంకేమీ తెలియదు. పుస్తకంలో ఆయన పేరూ ఊరూ చదివి ఇంటికి వెళ్లి అడిగింది. ఆయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. మూడోనాడు, రాసినాయన దగ్గరికి తీసుకుపొమ్మన్నాడట.

నన్ను ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. జరిగింది చెప్పాడు. ఆ ఓడలో అధికారి నిలబడే చోటు నుంచి కింది నిప్పుగదికి మాట వినిపించేలా ఒక ఇత్తడి గొట్టం ఉండేది. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చినా ఆయన బొగ్గు వేస్తూనే ఉన్నాడు. అప్పుడు గొట్టంలోంచి అధికారి గొంతు వినిపించింది.

"అందరు మీదికి రండ్రి అన్నడు సార్. రెండు సార్లన్నడు. గప్పుడే నిచ్చెన ఎక్కిన. నేను పారిపోలే."

విచారణలో ఆ అధికారి, తాను అలాంటి ఆజ్ఞ ఇవ్వనేలేదన్నాడు. మిగతా సాక్షులు మాట్లాడేటప్పుడు స్టోకర్‌ను బయట గదిలో కాపలాలో ఉంచారు. లోపల ఎవరేం చెప్పారో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

"ఆ గొట్టం కాడ నా దోస్తు నిలవడి ఉండె" అన్నాడు. "సిగ్నల్ పని చేస్తుండె. కాకినాడ దిక్కు మనిషి. ఓడల తెలుగు మాట్లాడెటోళ్లం మేమిద్దరమే. అధికారి పక్కనే ఉన్నడు, ఇనకుండ ఎట్లుంటడు? ఇచారణల వాడు నా దిక్కు చెప్పిండా సార్? మీరు కాయితాలన్ని సూసిన్రు గద, గదొక్కటి చెప్పుండ్రి."

ఇప్పటిదాకా చాలామందికి ఈ సంగతి చెప్పేటప్పుడు, ఆ క్షణాన నాకు గుర్తు రాలేదని అంటూ వచ్చాను. అది అబద్ధం. ఆ మాట వినగానే ఒక అట్టముక్క కళ్లముందు కదిలింది. నా చేతిరాత కూడా కనిపించింది. ఆ గొట్టంలో మాట్లాడిన అధికారి ఎవరో కూడా నాకు తెలుసు. నా పుస్తకానికి ముందుమాట రాసినాయనే.

"అట్లాంటి వాంగ్మూలం ఏదీ లేదు. నేను అన్నీ చూశాను" అన్నాను.

ఆయన "సరే సార్" అని లేచాడు. వచ్చే ముద్రణలో కనీసం పేరైనా తీసేయమని కూతురు అడిగింది. ఆధారం దొరికితే చూద్దామన్నాను. ఆధారం అనే మాటను అంత గట్టిగా నేనెప్పుడూ పలకలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లి అట్టముక్కల పెట్టె తీశాను. వెతకడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. సిగ్నల్‌మన్ వాంగ్మూలం, నీలం సిరాతో నా రాత: "అధికారి గొట్టంలో అందరూ పైకి రండి అని రెండుసార్లు అరవడం విన్నాను. స్టోకర్ ఆ తర్వాతే పైకి వచ్చాడు." దాని కింద పెన్సిల్‌తో, అదీ నా రాతే: "ఒక్క సాక్షి. వదిలేయవచ్చు."

వదిలేసింది ఎందుకో నాకు తెలుసు. ఒక్క సాక్షి కావడం వల్ల కాదు. ఆ వాంగ్మూలం పుస్తకంలోకి వస్తే ముందుమాట పుస్తకంలో ఉండదు.

మిత్రుడికి చెప్పాను. ఎప్పుడూ నవ్వించే మనిషి ఆ రోజు నవ్వలేదు. "పటాన్‌చెరు ఎంత దూరం? బస్సెక్కి పోయి చెప్పు" అన్నాడు. నేను పటాన్‌చెరు పోలేదు. ఆదివారం సికింద్రాబాద్ పోయాను. అధికారిని నేరుగా అడిగే ధైర్యం లేక, ఆ ఓడ మునిగిన రోజు గొట్టంలో ఏమైనా మాట్లాడిన గుర్తుందా అని చుట్టూ తిప్పి అడిగాను. ఆయన కప్పు కింద పెట్టి, ఆ రోజు చాలా గోలగా ఉండిందన్నాడు. ఆ వెంటనే, ఢిల్లీలో నౌకాదళ చరిత్ర సంపుటం తయారుచేస్తున్నారని, అందులో నన్ను తీసుకొమ్మని ఉత్తరం రాయబోతున్నానని చెప్పాడు. బెదిరింపు లేదు, బేరం లేదు. ఇద్దరం చదువుకున్నవాళ్లం, అర్థమైపోయింది. రెండేళ్ల డెప్యుటేషన్ మీద నేను ఢిల్లీ వెళ్లింది ఆ ఉత్తరం వల్లే. నా గురించి ఎవరైనా రెండు మాటలు రాస్తే అందులో మొదటిది ఆ సంపుటం గురించే ఉంటుంది.

ఢిల్లీ వెళ్లేముందు ఒకసారి మాత్రం పటాన్‌చెరులో దిగాను. ఆయన ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటరు. వయసు మీరినా కొత్తవాళ్లకు నేర్పడానికి ఇంకా ఉంచుకున్నారు. గేటు దగ్గర చెప్పి పంపిస్తే, పని వదిలి రాలేనని, నన్నే లోపలికి రమ్మని కబురు పెట్టాడు. మందుల వాసనకు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వెళ్లాను. బాయిలర్ దగ్గర నిలబడి, బీహార్ నుంచి వచ్చిన ఇద్దరు పనివాళ్లకు హిందీలో నీటిమట్టం చూపించే గాజుగొట్టం గురించి చెబుతున్నాడు. నన్ను చూసి చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. చెప్పడం అయ్యాక కూడా అక్కణ్ణుంచి కదల్లేదు. ఇంకొక ఆపరేటరు వచ్చి పుస్తకంలో సంతకం పెట్టాకే నా దగ్గరికి వచ్చాడు.

అక్కడి సూపర్‌వైజరు నవ్వుతూ చెప్పాడు. ఈ ముసలాయన మేనేజరే వచ్చి పిలిచినా, కాగితం మీద రాసిస్తే తప్ప బాయిలర్ విడిచి రాడట. ఫ్యాక్టరీ అంతటికీ అదొక తమాషా అట. నేనూ నవ్వినట్టు చేశాను.

క్యాంటీనుకు తీసుకుపోయి నాకు టీ ఇప్పించాడు. బిస్కెట్లు తెప్పించాడు. చెప్పాలని వచ్చినవాణ్ణి ఆయన ఎదురుగా కూర్చుని చెప్పలేకపోయాను. రెండో ముద్రణ వేసేటప్పుడు మళ్లీ పరిశీలిస్తానన్నాను. "గంత దూరంకెల్లి గిది చెప్పెతందుకు వచ్చిన్రా సార్" అని ఆయన నా చేయి పట్టుకున్నాడు. ఆ సంతోషాన్ని నేను తీసుకున్నాను. టీ కూడా మిగల్చకుండా తాగాను.

ఆ తర్వాత పదేళ్లు గడిచాయి. నాకు ప్రమోషన్ వచ్చింది, ఇంకో రెండు పుస్తకాలు వచ్చాయి. సికింద్రాబాద్ అధికారి చనిపోయాడు. సంతాప సభలో నేను మాట్లాడాను, బాగా మాట్లాడానని అందరూ అన్నారు. ఇక అడ్డం ఎవరూ లేరు కదా అనుకుని, తొంభైల చివర మొదటి పుస్తకం రెండో ముద్రణ వచ్చినప్పుడు సవరణకు పూనుకున్నాను. పూనుకున్నానంటున్నాను గానీ చేసింది ఇంతే: ఆ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, "పై అధికారి నుంచి ఆజ్ఞ వచ్చినట్టు ఒక సాక్షి వాంగ్మూలం కూడా ఉంది" అని ఒక గమనిక చేర్చాను. పైన ఉన్న వాక్యాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే అంతకాలం ఎందుకలా ఉంచావని అడుగుతారు. గమనికనైతే ఎవరూ పట్టించుకోరు.

ఆ పుస్తకం సంచిలో పెట్టుకుని, మంచిపని చేసినవాడిలా, ఒక ఆదివారం పటాన్‌చెరు వెళ్లాను. వాళ్లు అప్పుడే చర్చి నుంచి వచ్చి భోజనాలకు కూర్చోబోతున్నారు. ఆయనకు చూపు బాగా తగ్గింది. గొంతు బట్టి నన్ను గుర్తుపట్టాడు. నాకూ కంచం పెట్టించాడు. తిన్నాక కూతురు ఆ గమనిక చదివి వినిపించింది. చదవడం అయిపోయాక, ఇంకా ఉందేమోనని ఆయన ముఖం అలాగే ఎత్తి ఉంచాడు.

"పైన రాసింది అట్లనే ఉన్నదా?" అని అడిగాడు.

ఉందని కూతురు చెప్పింది.

"సాక్షి ఎవరు సార్?"

"మీ సిగ్నల్ స్నేహితుడే" అన్నాను. ఆ మాటకు ఆయన సంతోషిస్తాడనుకున్నాను. ఆయన రెండు చేతులూ మంచం పట్టెను గట్టిగా పట్టుకున్నాయి.

"ఈ కాయితం మీకు ఎప్పుడు దొర్కింది?"

ఈ మధ్యనే అని ఒక్క మాట అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. కూతురు నా ముఖంలోకే చూస్తోంది. ఎందుకో ఇక చేతకాలేదు.

"మీరు కాలేజీకి వచ్చిన రోజుకే నా దగ్గర ఉంది" అన్నాను.

కూతురు పుస్తకం మూసి పక్కన పెట్టింది. తర్వాత ఆయన, నాతో కాకుండా ఎదుటి గోడతో అన్నట్టు, మెల్లగా చెప్పుకొచ్చాడు. ఆ స్నేహితుడు విచారణ ఊసు ఎత్తకుండా ఏటా క్రిస్మస్‌కు ఉత్తరం రాసేవాడట. విచారణలో తన వైపు నోరు విప్పలేదన్న అనుమానంతో ఈయన ఒక్కదానికీ జవాబివ్వలేదట. ఏళ్లు గడిచాక కోపం చల్లబడింది. ఎవరికి తెలుసు, చెప్పే ఉంటాడేమో అనిపించింది. ఒక జవాబు రాసిపెట్టుకున్నాడు. పోస్టు చేసేముందు నన్ను అడిగి తెలుసుకుందామని సంగారెడ్డి వచ్చాడు.

"మీరు లేదన్నరు. ఇంటికొచ్చి చింపేసిన" అన్నాడు. "అటెన్క ఒకసారి వాడే వచ్చిండు సార్. గంత దూరంకెల్లి, గీ ఇంటికే. నేను లోపట కూసుని, ఇంట్ల లేనని చెప్పిచ్చిన."

అలా చెప్పింది ఆ కూతురే. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, ఆ పెద్దాయన గడప దగ్గర గంటసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడని చెప్పింది. మూడేళ్ల కిందట పోయాడని అతని కొడుకు ఉత్తరం రాశాడట.

నేను ఒక వాక్యం గురించి పదేళ్లు మథనపడ్డాను. ఆ వాక్యం పక్కన ఇద్దరు మనుషులు ఉన్నారని, వాళ్లకు మిగిలిన రోజులు లెక్కపెట్టుకోదగినన్నే అని నాకు తట్టనేలేదు.

"ఆ కాయితం ఉన్నదా ఇప్పుడు మీ కాడ?" అని అడిగాడు.

అట్టముక్క సంచిలోనే ఉంది. తీసి చదివాను. "స్టోకర్ ఆ తర్వాతే పైకి వచ్చాడు" అన్నచోట ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. కూతురు అట్టముక్క చేతిలోకి తీసుకుంది. ఆమె చూపు కింది పెన్సిలు రాత మీద ఆగింది. ఆమె తండ్రికి చెప్పలేదు. నా వైపు చూసింది.

"కింద నేను ఒక మాట రాసుకున్నాను" అని, దాన్ని కూడా చదివాను. ఒక్క సాక్షి. వదిలేయవచ్చు.

ఆయన తలూపాడు. "వాడు చెప్పిండు. నా దిక్కే చెప్పిండు" అన్నాడు. ఆ మాట నాకోసం కాదు. కాకినాడ అతని ఇంటికి అప్పుడే ఉత్తరం రాయమని కూతురికి చెప్పాడు. ఆమె కాగితం, పెన్ను తెచ్చుకుంది. నేను రాస్తానని ముందుకు జరిగాను. వద్దన్నట్టు ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

నేను లేచాను. ఆయన కూడా లేచి, వద్దన్నా వినకుండా, గోడ పట్టుకుంటూ వాకిలి దాకా వచ్చాడు. సంగారెడ్డి బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పాడు. ఆటో ఎక్కవద్దని, నడిస్తే దగ్గరేనని చెప్పాడు. అప్పుడు, గొంతు ఏమాత్రం పెంచకుండా, చివరి మాట అన్నాడు.

"మల్ల మా ఇంటికి రాకుండ్రి సార్."

ఆ తర్వాత చేయవలసినవి చేశాను. వాంగ్మూలం మొత్తాన్ని, దాన్ని నేను దాచిన సంగతిని ఒక చరిత్ర పత్రికకు రాసి పంపితే వేశారు. దాని మీద ఎవరూ ఒక్క ఉత్తరమైనా రాయలేదు. మూడో ముద్రణలో ఆ అధ్యాయమంతా తిరగరాశాను. ముందుమాట తీసేశాను. ఆ ప్రతులు రెండు పోస్టులో పటాన్‌చెరు పంపాను. అందినట్టు జవాబు రాలేదు. నేను ఆశించనూ కూడదు.

మరో నాలుగేళ్లకు ఆయన పోయారని నా మిత్రుడు ఎక్కడో విని వచ్చి చెప్పాడు. మరునాడు మట్టి చేస్తారని, చర్చి ఎక్కడో తనకు తెలుసునని, తోడు వస్తానని అన్నాడు. చొక్కా కూడా తొడుక్కున్నాను. గడప దాకా వెళ్లాక, ఆయన వాకిట్లో అన్న చివరి మాట గుర్తొచ్చి వెనక్కి వచ్చి కూర్చున్నాను. ఆ మనిషి నన్ను అడిగినవాటిలో, అడిగింది అడిగినట్టు నేను చేసింది అదొక్కటే.